తోడికోడళ్ళ తీర్పు

3, మంగళవారం

మూడో పుస్తకం వచ్చింది. కింద షాపు టైలరు తీసుకుని ఉంచాడు. "ఇటుకరాయి ఏమన్నా తెప్పించుకున్నారా అమ్మా, ఇంత బరువుంది?" అన్నాడు. ఐదువందల పైచిలుకు పేజీలు. ఈ కథలు రాసేవాళ్ళకి ప్రపంచం కూలిపోవడానికి మొదటి పుస్తకంలో సగం చాలు. అమ్మాయి తన మనసులో ఎవరున్నారో తేల్చుకోవడానికి మాత్రం మూడు పుస్తకాలూ చాలవు.

అట్ట మీద నగరాన్ని మూసిన గాజుకప్పు పగిలి ఉంది, దాని కింద అమ్మాయి వీపు. మూడు అట్టల మీదా వీపే. అంత అందగత్తె అని లోపల పేజీకోసారి చెబుతారు, ముఖం మాత్రం చూపించరు.

విప్పలేదు, బల్ల మీద పెట్టాను. చిన్నీ పిలవాలి. కిందటి సిరీస్‌కి నేను పిలిచాను, ఈసారి వంతు తనది. "తెరువక్కా" అంటుంది. ఇద్దరం ఒకేసారి మొదటి పేజీ తిప్పుతాం. అధ్యాయం చివర ఆగి మాట్లాడుకుంటాం. మూడోది విడివిడిగా చదవకూడదు, అది మా పద్ధతి. ఆ ఇంట్లో ఉన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నం మగవాళ్ళు పడుకున్నాక వంటింటి వెనక మెట్ల మీద, నేను పై మెట్టు, తను కింద మెట్టు. ఇప్పుడు ఫోనులో. అంతే తేడా.

ఈ గదికి వచ్చాక ఇదే మొదటి మూడో పుస్తకం.

చిన్నీ ఆయన తమ్ముడి భార్య. నా తోడికోడలు. విడాకులయ్యాక కూడా అలాగే అంటారో లేదో తెలీదు. కోర్టు కాగితంలో భార్యాభర్తల గురించి బోలెడు రాశారు, తోడికోడళ్ళ ఊసే లేదు. పుస్తకాల సైటులో మేం రివ్యూలు రాసే పేజీ పేరు మాత్రం ఇంకా "తోడికోడళ్ళ తీర్పు" అనే ఉంది.

4, బుధవారం

ఫోను రాలేదు. పుస్తకం తనకింకా అంది ఉండదు.

5, గురువారం

అందిందట. మా పేజీలో ఒక పిల్ల "ఆంటీలూ, గాజుకప్పు మూడోది చేతికొచ్చిందా? తీర్పు ఎప్పుడు?" అని అడిగింది. "వచ్చింది, త్వరలో" అని పేజీ తరఫున జవాబుంది. నేను పెట్టలేదు. పాస్‌వర్డు ఇద్దరికే తెలుసు.

ఊరందరికీ త్వరలో అని చెప్పింది. నాకు చెప్పడానికి నోరు రాలేదు.

6, శుక్రవారం

కళ్ళజోళ్ళ షాపులో పని మీద మనసు లేదు. ఒకావిడ కొత్త కళ్ళజోడు పెట్టుకుని "అక్షరాలన్నీ బాగానే ఉన్నాయి గానీ నేల ఎత్తుగా కనిపిస్తోంది" అంది. ఫ్రేము కొంచెం వంచి ఇవ్వాలి, అంతే. రెండుసార్లు చెప్పించుకున్నాను. లోపల గదిలో అద్దాలు అరగదీసే ఆయన (మేమందరం అద్దాలాయన అంటాం) బయటికి తొంగి చూసి, "మేడమ్, ఆ ఫోను అద్దం నాకిచ్చేయండి. మీ చూపులకే అరిగిపోతోంది, మిషను కూడా అక్కర్లేదు" అన్నాడు.

నవ్వాను. అందరూ నవ్వారు కాబట్టి.

8, ఆదివారం

మధ్యాహ్నం మా వేళకి కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. ఎదురుగా జిమ్ము వెనక గోడ. లోపల బరువులు కింద పడినప్పుడల్లా నా గ్లాసులో నీళ్ళు వణుకుతాయి. ఒడిలో పుస్తకం, పుస్తకం మీద ఫోను. సాయంత్రం దాకా అలాగే.

ఖాళీగా ఉండటం దేనికని పాత రివ్యూలు చదువుకున్నాను. మొదటి పుస్తకానిది నాది. నిజానికి అప్పుడు చిన్నీ రాయాలి, తన పాపకి జ్వరమని నన్ను రాయమంది. నేనే చెప్పుకోకూడదు గానీ బాగా రాశాను: "గాజుకప్పు కింద ఒక నగరం. అక్కడ ఎవరూ ఆకాశాన్ని చూడలేదు. పదిహేడేళ్ళు నిండగానే సైరన్ మోగుతుంది, జత ఎవరో సర్కారు చెబుతుంది. మా అమ్మానాన్నలు సైరన్ లేకుండానే ఆ పని చేశారు కాబట్టి మాకు పెద్దగా భయం వెయ్యలేదు." దీనికి వచ్చినన్ని చప్పట్లు మా పేజీలో ఇంకే వాక్యానికీ రాలేదు.

హీరోయిన్‌కి మేం పెట్టిన పేరు పిడికిలి. పేజీకోసారి పిడికిలి బిగిస్తుంది, గోళ్ళు అరచేతిలో దిగుతాయి. ఇద్దరు కుర్రాళ్ళు. ఒకడు కాపలా సైనికుడు, ఎప్పుడూ అలిగినట్టే ఉంటాడు, వాడు మూతిముడుపు. రెండోవాడు దొంగసరుకు మోసేవాడు, చావబోతూ కూడా జోకులేస్తాడు, వాడు ఇకిలింపు. నాది మూతిముడుపు పక్షం, చిన్నీది ఇకిలింపు పక్షం. "నీ కాపురం చూసుకున్నాక కూడా మళ్ళీ అలాంటివాణ్ణే ఎంచుకున్నావంటే నీకు బుద్ధి రాలేదక్కా" అనేది. ఆ ఇంట్లో ఆ మాట నాతో అనగలిగింది తనొక్కతే. పళ్ళు ఇకిలించి అనేది కాబట్టి కోపం కూడా వచ్చేది కాదు.

రెండో పుస్తకం రివ్యూ చిన్నీది. అందులో సగం మెట్ల పిల్ల గురించే. సర్కారు భవనంలో మెట్లు కడిగే పిల్ల, పిడికిలికి ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు. సున్నప్పొడితో కడిగి కడిగి ఆ పిల్ల వేళ్ళు తెల్లగా పగిలి ఉంటాయి. పిడికిలి పారిపోయే రోజు కావలివాళ్ళని మాటల్లో పెట్టి తను వెనకే ఉండిపోతుంది. ఆ తర్వాత పుస్తకంలో దాని మాటే లేదు. "ఈ పిల్ల ఏమైంది? కుర్రాళ్ళిద్దరూ క్షేమమే, సంతోషం. ఈ పిల్ల ఏమైంది?" అని రాసింది చిన్నీ.

పందెం కూడా కాశాం. మూడో పుస్తకంలో తిరిగి వస్తుందని నేను, రచయిత్రి మర్చిపోయి ఉంటుందని తను. ఓడినవాళ్ళు రివ్యూ చివర క్షమాపణ పేరా రాయాలి.

నేనే ఫోను చేస్తే? చెయ్యను. ఇల్లు విడిచి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర "కొన్నాళ్ళు ఈ ఇంటివాళ్ళెవరూ నాకు ఫోను చెయ్యొద్దు" అన్నాను, నిజమే. అందరినీ కలిపి అన్నమాట అది. అందరిలో చిన్నీ ఉందని ఎవరైనా అనుకుంటారా?

10, మంగళవారం

అత్తగారు షాపుకి వచ్చారు.

తలుపు తోసుకుని వస్తున్నప్పుడే చేతిలో ఫ్రేము బల్ల మీద పెట్టేశాను. ఆవిడేమో నిన్నే వెళ్ళి మళ్ళీ వచ్చినట్టు నా ఎదురు స్టూలు మీద కూర్చుని, కళ్ళజోడు తీసి చేతిలో పెట్టారు. "ఎవరి దగ్గర చేయించినా జారిపోతోందమ్మా. నా ముక్కు సంగతి నీకే తెలుసు."

తెలుసు. ఎడమవైపు కొంచెం పల్లం. రబ్బరు దిమ్మలు మార్చి, కనుపాపల మధ్య దూరం మళ్ళీ కొలవడానికి ముఖం దగ్గరికి వంగాను. అంత దగ్గరగా ఎవరి ముఖం చూసినా ఇప్పుడు షాపులోనే. "నా కళ్ళలోకి చూడండి" అన్నాను. అందరితో అనే మాటే. ఆవిడ చూశారు. చూస్తూ చూస్తూ చెప్పేశారు.

"వాడికి మళ్ళీ సంబంధం కుదిరింది. ఈ నెలాఖరు ఆదివారం. ఎవరి నోటో వినేకంటే నేనే చెబుదామని."

"సంతోషమండీ. కదలకండి."

"నీకు బాధగా లేదు కదా?"

"లేదండీ."

నిజంగానే లేదు. కొలత కూడా తప్పలేదు. ఆయనా నేనూ చెడ్డవాళ్ళం కాదు, ఒకరికొకరం అక్కర్లేకపోయాం. అంతలో ఆవిడ అద్దంలో చూసుకుంటూ, "మంచి పిల్ల. చిన్నకోడలూ తనూ అప్పుడే తెగ కలిసిపోయారు. తనకి కూడా పుస్తకాల పిచ్చేనట" అన్నారు.

కళ్ళజోడు డబ్బా మూత వేస్తే చటుక్కున గట్టిగా చప్పుడైంది. అద్దాలాయన తల బయట పెట్టాడు.

11, బుధవారం

అదన్నమాట సంగతి.

12, గురువారం

ఇక్కడ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. ఆయన పక్కన ఎవరు కూర్చున్నా నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు. వంటింటి వెనక మెట్ల మీద, పై మెట్టు మీద ఎవరో కూర్చుంటారంటే మాత్రం కడుపు మండిపోతోంది.

ఎన్ని ముక్కోణపు ప్రేమలకి తీర్పులిచ్చాను! "ఈ అసూయ చిన్నపిల్లల అసూయ, పుస్తకం పుస్తకంలా నడవడానికి పెట్టినది, నిజం మనుషులు ఇలా ఉండరు" అని ఒకసారి రెండు నక్షత్రాలు కోశాను కూడా. ఆ రచయితకి ఆ రెండు నక్షత్రాలూ తిరిగి ఇచ్చేయాలి.

న్యాయంగా చూస్తే తోడికోడలు ఆవిడే అవుతుంది. పేజీ పేరు కూడా మార్చనక్కర్లేదు. నన్ను తీసేసి ఆవిడని పెట్టుకుంటే సరిపోతుంది, పాస్‌వర్డు మారిస్తే చాలు.

పాస్‌వర్డు మార్చారేమోనని ఇప్పుడే చూశాను. మార్చలేదు.

13, శుక్రవారం

గదిలో ఇంకా విప్పని అట్టపెట్టెలు గోడ పొడుగునా ఉన్నాయి. నేను వచ్చిన వారానికి ఆ ఇంటి నుంచి పంపారు, నా పుస్తకాలు. ఒక్కటి కూడా ఉంచుకోకుండా, ఇంట్లో నా ఆనవాలు మిగలకుండా. వాటి మీద ఇస్త్రీ బట్టలు పెట్టుకుంటున్నాను. ఇవాళ కాలు తగిలి ఒకదాన్ని తన్నాను. నొప్పి నాకే.

15, ఆదివారం

చదివేశాను.

మధ్యాహ్నం మా వేళ దాకా ఆగాను. ఫోను మోగలేదు. ఆ మెట్ల మీద ఇప్పుడు వాళ్ళిద్దరూ కూర్చుని ఉంటారనిపించింది. అంతే, ప్లాస్టిక్ కవరు పళ్ళతో చింపాను. ఒక్కదాన్నే, ఎవరూ "తెరువు" అనకుండా. పేజీలు తిప్పుతుంటే ఎవరి మీదో కక్ష తీర్చుకుంటున్నట్టుంది. కుర్రాళ్ళ సంగతి నాకక్కర్లేదు, మెట్ల పిల్ల పేరు కోసమే వెతికాను. యుద్ధం వచ్చింది, పిడికిలి బిగించింది, గోళ్ళు దిగాయి. మూతిముడుపు అలిగాడు, ఇకిలింపు చస్తూ జోకేశాడు. కోట తలుపు తెరుచుకుంది, జనం బయటికి పరిగెత్తారు, గాజుకప్పు పగిలింది, ఆకాశం నీలంగా ఉంది. చివరి అధ్యాయంలో పెళ్ళి.

మెట్ల పిల్ల పేరు ఒక్కచోట కూడా లేదు. పెళ్ళి భోజనాల్లో కూడా ఎవరూ దాన్ని తలుచుకోలేదు.

పందెం చిన్నీ గెలిచింది. దానికి తెలుసు, మర్చిపోతారని.

16, సోమవారం

షాపుకి ఆలస్యంగా వస్తానని చెప్పి రివ్యూ రాసి పెట్టేశాను. ఒక్క నక్షత్రం. ఇక్కడ కూడా దించుకుంటున్నాను, బాగా వచ్చింది:

"మేము ఈ సిరీస్‌ని నమ్మాము. ఇందులో ఒక అమ్మాయి మరొక అమ్మాయి కోసం తన ప్రాణం అడ్డుపెట్టింది. ఆ పిల్ల ఏమైందని మేము రెండో పుస్తకం దగ్గరే అడిగాము. జవాబు ఇదిగో: ఏమీ కాలేదు. రచయిత్రి మర్చిపోయింది. హీరోయిన్‌కి కుర్రాడు దొరికాడు, ఆకాశం దొరికింది, కొత్త ఇల్లు దొరికింది. కొత్త ఇంట్లోకి వెళ్ళినవాళ్ళకి, పాత మెట్ల మీద కూర్చున్నవాళ్ళు గుర్తుండరని చెప్పడానికి ఇన్ని పేజీలు అక్కర్లేదు. పందెంలో మాలో పెద్దది ఓడింది. క్షమాపణ మాత్రం చెప్పదు."

మేము, మేము అనే రాశాను. అలవాటు. ఆ పేజీలో నేను అని ఎప్పుడూ రాయలేదు.

17, మంగళవారం

పొద్దుటి నుంచి కామెంట్లే కామెంట్లు. "ఆంటీలు ఉతికి ఆరేశారు" అని ఒక పిల్ల. "మెట్ల పిల్లకి న్యాయం జరగాలి" అని ఇంకో పిల్ల. అద్దాలాయనకి చూపించాను. అంతా చదివి, "ఎవరి మీద మేడమ్ ఇంత కోపం?" అన్నాడు.

"రచయిత్రి మీద."

"ఓహో" అని లోపలికి వెళ్ళి మిషను ఆన్ చేసుకున్నాడు.

19, గురువారం

చిన్నీ ఫోను చేసింది. షాపులో ఉన్నాను. వెనక సందులోకి వెళ్ళి ఎత్తాను.

"చదివేశారా?" అంది.

నన్ను మీరు అంది. తను కొత్తగా కాపురానికి వచ్చిన నెలలో అనేది, తర్వాత ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేదు.

"చదవకుండా రాస్తానా?" అన్నాను.

"నేనింకా తెరవలేదు. కవరు కూడా తియ్యలేదు. వచ్చినరోజు నుంచి వంటింట్లో డబ్బాల పక్కన పెట్టుకుని, ఇవాళ పిలుస్తుంది, రేపు పిలుస్తుంది అని కూర్చున్నా."

"నేను పిలవడమేంటి? వంతు నీది కదా. కిందటిసారి నేనే కదా పిలిచింది."

"వంతుల లెక్క ఎక్కడిది? మొదటి పుస్తకం రివ్యూ ఎవరు రాస్తే మూడోదానికి వాళ్ళు పిలవాలి. మనం పెట్టుకున్నది అదే కదా. మొదటిది ఎవరు రాశారు? పాపకి జ్వరమొస్తే నేను మీకు ఇచ్చేయలేదూ?"

వేళ్ళ మీద లెక్క వేసుకున్నాను. నిజమే. మొదటి పుస్తకాల రివ్యూలు ఎప్పుడూ వంతులవారీగా రాసుకునేవాళ్ళం, అందుకని పిలుపులు కూడా వంతులవారీగా నడిచాయి. ఆ ఒక్కసారే మార్చుకున్నాం. నాకు వంతు గుర్తుంది, పద్ధతి గుర్తు లేదు.

"పోనీ పిలవకపోతే ఫోనన్నా చెయ్యొచ్చుగా చిన్నీ" అన్నాను.

"ఎవరూ చెయ్యొద్దన్నారు మీరే. గుమ్మంలో నిలబడి. నేనూ అక్కడే ఉన్నా, పాపనెత్తుకుని. నా వైపు కూడా చూసే అన్నారు."

చూశానా? చూసే ఉంటాను.

"కొత్తావిడతో బాగా కలిసిపోయావట" అన్నాను. ఆ సమయంలో అనాల్సిన మాట కాదు. నోరు జారింది అని రాయడానికి లేదు, ఎన్నో రోజులుగా నోట్లోనే ఉన్న మాట.

పాపని అవతలికి వెళ్ళి ఆడుకోమంది. తర్వాత, "ఆవిడ మంచిదే. అదే నాకు కష్టంగా ఉంది. చెడ్డదైతే హాయిగా నీకు ఫోను చేసి తిట్టుకునేదాన్ని" అంది. నీకు అని వచ్చేసింది, సర్దుకుంది. "పుస్తకాలేమైనా ఉంటే ఇవ్వమని అడిగింది. లేవని చెప్పా. అన్నీ మీకే పంపాగా."

"నువ్వా పంపింది?"

"మరెవరు? పెట్టెలు తెరవలేదా?"

నేను జవాబు చెప్పేలోగా తనకి అర్థమైపోయింది. "తెరవాల్సినవి తెరవరు" అంది. "మెట్ల పిల్ల రాదని రివ్యూ చదివి తెలుసుకున్నాను. మన రివ్యూనే. ముగింపు నాకు చెప్పేశారు." ఠక్కున ఫోను పెట్టేసింది.

సందులో ఎంతసేపు నిలబడ్డానో. ఇద్దరం పిలుపు కోసం కూర్చున్నాం. పిలవాల్సింది నేను.

20, శుక్రవారం

ఫోను చేశాను. ఎత్తలేదు. రివ్యూ తీసేశాను. "ఆంటీలూ, తీర్పు ఏది?" అని అడుగుతున్నారు పిల్లలు.

21, శనివారం

పెట్టెలన్నీ విప్పాను.

ఒక్కో సిరీస్ ఒకటి, రెండు, మూడు వరసగా, తాడుతో కట్టి ఉంది. అట్టల మూలలు నలగకుండా మధ్యలో పాప పాత చొక్కాలు మడతపెట్టింది. ఇల్లు ఖాళీ చేయించేవాళ్ళు ఇలా సర్దరు. ఇంత ఓపిక ఆ ఇంట్లో ఒక్కరికే ఉంది.

మొదటి పుస్తకం, రెండో పుస్తకం మేం ఒక్కో కాపీనే కొనేవాళ్ళం, మార్చుకుని చదువుకునేవాళ్ళం. మూడోది మాత్రం రెండు కాపీలు, ఒకేసారి చదవాలి కాబట్టి. ఒకటీ రెండూ అన్నీ నాకే పంపేసింది. అంటే తన అలమారలో ఇప్పుడు మూడోవి మాత్రమే ఉంటాయి. మొదలు లేని ముగింపులు వరసగా పెట్టుకుని కూర్చుంది పిచ్చిది.

చాలాసేపు ఏడ్చాను. జిమ్ములో బరువులు పడుతూనే ఉన్నాయి. అది లేకపోతే నేనొక్కదాన్నే చప్పుడు చేస్తున్నట్టుండేది.

22, ఆదివారం

మధ్యాహ్నం మా వేళకి మెసేజ్ పెట్టాను. క్షమించమని నాలుగు రకాలుగా రాసి చెరిపేశాను. చివరికి ఒక్క మాట: "తెరువు."

టీ పెట్టుకున్నాను. చల్లారింది. మళ్ళీ వేడి చేసుకున్నాను.

"ముగింపు తెలిసిపోయాక ఏం తెరవాలి?" అని వచ్చింది.

ఫోను పుస్తకం మీద పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి ఫోను మోగింది. ఎత్తితే మాట లేదు, కవరు చింపుతున్న చప్పుడు వినిపించింది.

"మొదటి పేజీ" అంది.

"మొదటి పేజీ" అన్నాను.

చదివాం. ఫోను పెట్టెయ్యలేదు, బల్ల మీద తెరిచే ఉంచాం. పేజీ తిప్పితే వినిపిస్తుంది. రెండో అధ్యాయం చివర "మీవాడు మళ్ళీ అలిగాడు" అంది. "మీవాడు పోతాడులే" అనబోయి నాలుక కరుచుకున్నాను. ఆ పోవడం రివ్యూలో రాయలేదని గుర్తొచ్చి బతికిపోయాననిపించింది. ఇకిలింపు చచ్చిపోయినప్పుడు ముక్కు చీదింది. నేనూ ఈసారి ఏడ్చాను. పోయిన ఆదివారం వాడి చావు నాకు కనపడనే లేదు.

కోట తలుపు అధ్యాయంలో చిన్నీ ఆగింది. పేజీ చప్పుడు రాలేదు.

"అక్కా, ఆగు. తలుపు ఎవరు తీశారు?"

"ఎవరో తీశారు. లోపల నుంచి. జనం పరిగెత్తారు, అంతే కదా."

"ఒకసారి పైకి చదువు."

చదివాను. "లోపలి నుంచి ఎవరో గొళ్ళెం లాగారు. తలుపు సందులోంచి ఒక చెయ్యి ఒక్క క్షణం కనిపించింది. వేళ్ళ మీద తెల్లటి పగుళ్ళు. ఆమె వెనక్కి తిరిగి చూడకుండా వెలుతురులోకి పరిగెత్తింది."

అదే వాక్యం తను కూడా మెల్లగా చదువుకోవడం వినిపించింది.

"సున్నం అక్కా" అంది చిన్నీ. "మెట్ల పిల్ల. అక్కడే ఉంది. ఇన్నాళ్ళూ తలుపు దగ్గరే ఉంది."

పేరు కోసం వెతికాను కాబట్టి నాకు చెయ్యి కనపడలేదు. రోజంతా జనానికి కళ్ళజోళ్ళు పెట్టి ఈ వరస చదవండి, ఇంకా కింద వరస చదవండి అనే మనిషిని. పిడికిలి పరుగులో ఉంది కాబట్టి చూసుకోలేదు. నాకేం పరుగు?

"పందెం నువ్వే గెలిచావు" అంది. "గెలిచి, ఓడిపోయానని ఊరంతా చాటింపు వేసుకున్నావు. ఇలాంటిది నీకే చేతనవుతుంది."

నువ్వు అంది. మళ్ళీ సర్దుకోలేదు.

24, మంగళవారం

కొత్త రివ్యూ పెట్టాం. నాలుగు నక్షత్రాలు. ఇంకొకటి ఎందుకియ్యలేదంటే ఆ పెళ్ళి భోజనాలు మరీ సాగదీశారు. చివర క్షమాపణ పేరాలు రెండు. పందెం ఓడింది కాబట్టి చిన్నీది ఒకటి. పద్ధతి తప్పాను కాబట్టి నాది ఒకటి. నాది ఇది: "మాలో పెద్దది ఈ పుస్తకాన్ని ఒంటరిగా, కోపంగా చదివింది. అలా చదివితే తలుపు తెరుచుకోవడం కనిపిస్తుంది కానీ తెరిచినవాళ్ళు కనిపించరు. రచయిత్రిని, చిన్నదాన్ని క్షమించమని అడుగుతోంది."

చిన్నీ ఒక్క అక్షరం మార్చలేదు. మామూలుగా అయితే ప్రతి వాక్యానికీ పేచీ పెట్టేది. ఇంకా కొంచెం గుర్రుగానే ఉన్నట్టుంది. ఉండనీ.

పేజీ పేరు గురించి నేనే అడిగాను. "ఆదివారం నుంచి నీకు వేరే తోడికోడలు ఉంటుంది కదా, మార్చాలా?" అన్నాను.

"మార్చాలంటే సైటువాళ్ళకి కారణం రాయాలట. ఏమని రాస్తావ్?" అంది.

నాకేమీ తోచలేదు. తనకీ తోచలేదు. పేరు అలాగే ఉంది.

29, ఆదివారం

ఇవాళ వాళ్ళ పెళ్ళి. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు, తర్వాత హోటల్లో భోజనాలు. అత్తగారి కళ్ళజోడు జారకుండా నిలబడి ఉంటుందని ఆశ. చిన్నీ అక్కడే ఉంటుంది, ఉండాలి. కొత్తావిడ పక్కన నిలబడి ఫోటో కూడా దిగుతుంది. ఆవిడ మంచిదేనని చిన్నీయే అంది కదా.

మధ్యాహ్నం మా వేళకి కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కున్నాను, అలవాటు ప్రకారం. జిమ్ముకి సెలవు. గ్లాసులో నీళ్ళు కదలలేదు. ఇంత నిశ్శబ్దం ఈ గదిలో ఎప్పుడూ లేదు. చేతిలో పుస్తకం కూడా లేదు. విప్పిన పెట్టెల్లోంచి ఏదో ఒకటి తీసి చదవొచ్చు, కానీ అన్నీ ఇద్దరం కలిసి చదివినవే.

ఫోను మోగలేదు. మెసేజ్ వచ్చింది. వెనక పెళ్ళి వంటకాల ప్లేటు కనిపిస్తోంది, ముందు ఒక కొత్త పుస్తకం అట్ట. మళ్ళీ ఒక అమ్మాయి వీపు, ఈసారి నీళ్ళలో మునిగిన ఊరు.

"కొత్త సిరీస్ మొదలైంది. మొదటిది నేను రాస్తున్నా. రెండోది నీది."

"మూడోది ఎప్పుడొస్తుంది?" అని అడిగాను.

"రెండేళ్ళు పడుతుందట."

రెండేళ్ళు. నేను ఈ గదిలోనే ఉంటానో ఇంకెక్కడ ఉంటానో. పాప బడికి వెళ్తుంటుంది. వంటింటి వెనక పై మెట్టు మీద ఎవరైనా కూర్చుంటారు, కూర్చోనీ.

మళ్ళీ తప్పు లెక్క వేసుకుని కవరు చింపకుండా ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. మొదటిది తను రాస్తోంది. కాబట్టి మూడోదానికి పిలవాల్సింది చిన్నీ.